పంచాయతీ పద్దు: చదువువారు, వినువారు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీత కచేరీకిని నాటకమునకును నడుమ నొక ప్రసంగముండవలెనని మన కార్యదర్శిగారు పట్టుబట్టి, ఆ భారమును నాపై మోపినారు. విషయమును నన్నే యెంచుకొనుమన్నారు. సాహిత్యమును గూర్చి మాటలాడుటకు నాకంటె అర్హులు ఈ సభలో పలువురున్నారు. నా ఉద్యోగ జీవితమంతయు లెక్కల తనిఖీలో గడచినది. కావున నాకు తెలిసిన లెక్కలను గూర్చియే, అందునను మిక్కిలి చిన్న లెక్కలను గూర్చి, అనగా గ్రామ పంచాయతీ జమాఖర్చులను గూర్చి నాలుగు మాటలు చెప్పుదును. నాటకమునకు ఆలస్యము కానీయను.

మనము కేంద్ర ప్రభుత్వోద్యోగులము. మన బల్లలమీదుగా సాగిపోవు దస్త్రములలో కోట్ల రూపాయల అంకెలుండును. వాని ముందు ఒక పల్లెలో వీధిదీపముల ఖర్చు లెక్కలోనికి రాదు. అయినను సామాన్యునకు ప్రభుత్వమనునది కనబడునది ఆ దీపము రూపముననే. కుళాయి నీరు వచ్చినదా, మురుగుకాలువ పారినదా, శ్మశానమునకు దారి యున్నదా, వాన కురిసిన మరునాడు బడిపిల్లలు బురదలో పడకుండ నడువగలిగిరా అన్న ప్రశ్నలకు సమాధానము ఢిల్లీలో లేదు. ఆ ఊరి పంచాయతీ కార్యాలయములోని బీరువాలో నున్నది.

ఇట్టి ప్రసంగములలో ఉత్తరమేరూరు శాసనమును స్మరించుట పరిపాటి. నేనును స్మరింతును గాని కొంచెము భిన్నముగా. కాంచీపురమునకు సమీపముననున్న ఆ యూరి ఆలయ కుడ్యములపై, మొదటి పరాంతక చోళుని కాలమున, 10వ శతాబ్ది తొలి పాదములో చెక్కించిన నిబంధనలు నేటికిని నిలిచియున్నవి. గ్రామమును 30 భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమున అర్హుల పేర్లు తాటాకు ముక్కలపై వ్రాసి కుండలో వేసి, ఒక బాలునిచేత తీయించి సభ్యులను ఎన్నుకొనుచుండిరి. ఏటి సంఘము, తోట సంఘము, చెరువు సంఘము అని వేర్వేరు సంఘములుండెను. దీనిని చూచి మన పూర్వులు సంపూర్ణ ప్రజాస్వామ్యమును నడపిరని చెప్పుకొనువారు కలరు. అది నిజము కాదు. అది బ్రాహ్మణ గ్రామసభ. పన్ను చెల్లించు భూమి, స్వంత స్థలములో ఇల్లు, వేదశాస్త్ర పరిచయము, 35 మొదలు 70 వరకు వయస్సు కలవారికే అందు చోటు. సేద్యము చేసినవారికిని, స్త్రీలకును ఆ కుండలో ఆకు లేదు.

అయినను ఆ శాసనములో ఒక నిబంధన నన్ను ఎప్పుడును ఆకర్షించినది. ఇంతకు మునుపు ఏ సంఘములోనైన నుండి లెక్క ఒప్పజెప్పని వాని పేరు కుండలో వేయరాదు. వాని పేరే కాదు, వాని దగ్గరి బంధువుల పేర్లును వేయరాదు. తనిఖీదారుగా నేను ఎన్నో అభ్యంతరములు వ్రాసితిని. ఇంత కఠినమైన శిక్ష సూచించుటకు నాకు అధికారము లేకపోయెను. లెక్క చెప్పుట అధికారమునకు అనుబంధము కాదనియు, అధికారమునకు అర్హతయే అదియనియు ఆ రాతిపై చెక్కినవారు తలంచిరి.

ఆధునిక పురపాలనము మన ప్రాంతమున 1688లో చెన్నపట్టణముతో మొదలైనది. తూర్పు ఇండియా కంపెనీవారు మేయరును, పన్నిద్దరు ఆల్డర్మనులను నియమించి నగర సభను స్థాపించిరి. ఆ పన్నిద్దరిలో చిన్న వెంకటాద్రి వంటి వర్తకులును ఉండిరి. పట్టణ మందిరము, పాఠశాల మొదలైనవి కట్టించుటకు ప్రజలపై పన్ను వేయదలచిరి. ప్రజలు ఒప్పుకొనలేదు, యోచన సాగలేదు. ఆ జనులను పిసినారులని నిందింపవచ్చును. తమ డబ్బు దేనికి వ్యయమగునో తమకు తెలియని చోట డబ్బు చెల్లింప నిరాకరించిరనియు అనవచ్చును. నేను రెండవ పక్షమువాడను.

1882 మే నెలలో రిప్పన్ ప్రభువు ప్రకటించిన తీర్మానము స్థానిక సంస్థలను ప్రజల రాజకీయ శిక్షణాలయములుగా భావించినది. 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టము, 1920లో గ్రామ పంచాయతీల చట్టము వచ్చినవి. ఆ చరిత్ర దీర్ఘమైనది, దానిని వదలుదును. రాజ్యాంగ పరిషత్తులో జరిగిన చర్చను మాత్రము వదలలేను. ముసాయిదాలో మొదట పంచాయతీల ప్రసక్తియే లేదు. గ్రామమును అజ్ఞానమునకును సంకుచితత్వమునకును నిలయముగా చూచి, వ్యక్తినే ప్రమాణముగా గ్రహించుటను అంబేడ్కరుగారు 1948 నవంబరు 4వ తేదీన సమర్థించిరి. సభ్యులు పలువురు నొచ్చుకొనిరి. ఆచార్య రంగాగారు తమ అసమ్మతిని తెలిపిరి. అదే నెల 22వ తేదీన సంతానంగారు పంచాయతీల స్థాపనను గూర్చిన సవరణను ప్రతిపాదింపగా, టంగుటూరి ప్రకాశంగారు దానిని బలపరచిరి. అదియే 40వ అధికరణముగా నిలిచినది. సాధారణముగా మనము ఈ కథను గాంధీమహాత్ముని పక్షము గెలిచినదని ముగింతుము. కాని అంబేడ్కరుగారి సందేహము తీరినదా? ఊరి చావడిలో మాల మాదిగ వాడల మనిషి నిలువబడి ప్రశ్న అడుగగలుగుచున్నాడా? ఆ ప్రశ్నకు సమాధానము చట్టములో కాక, గ్రామసభ జరుగు తీరులో దొరకును.

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమైనది. ఐదేండ్లకు బల్వంతరాయ్ మెహతాగారి సంఘము దానిని పరిశీలించి, జనులు దానిని తమదిగా భావించుట లేదనియు, ఎన్నికైన సంస్థలకు అధికారమును అప్పగింపవలెననియు 1957 నవంబరులో నివేదించినది. 1959 అక్టోబరు 2వ తేదీన నెహ్రూగారు రాజస్థానములోని నాగౌరులో పంచాయతీరాజ్యమును ప్రారంభించిరి. ఆంధ్రప్రదేశమును అదే యేడు ఆ దారి పట్టినది. పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. 1986 చట్టముతో సమితుల స్థానమున మండలములు వచ్చినవి. తరువాత ఎన్నికలు వాయిదాలు పడుట, పదవీకాలములు పొడిగింపబడుట, అధికారులే పాలించుట దేశమంతట జరుగుచు వచ్చెను. ఆ జాడ్యమునకు మందుగా 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ఐదేండ్ల కాలపరిమితి, ప్రత్యేక ఎన్నికల సంఘము, స్త్రీలకు మూడవవంతుకు తక్కువ కాని స్థానములు, దళితులకును గిరిజనులకును జనసంఖ్యానుసారము స్థానములు అందు కలవు. స్త్రీల వంతు తెలుగు రాష్ట్రములు రెండింటిలోను సగమునకు పెరిగినది. దేశములో పంచాయతీలు సుమారు 2.5 లక్షలు, ఎన్నికైన ప్రతినిధులు సుమారు 30 లక్షలు. ఎన్నికైన భార్య ఇంటనుండగా భర్త సర్పంచి కుర్చీలో కూర్చుండుట నేను కన్నులార చూచినాను. అదే ఆడుమనిషి మూడవ ఏట తన కుర్చీలో తాను కూర్చుండి, భర్తను వాకిట నిలువబెట్టుటయు చూచినాను. కావున మొదటి దృశ్యమును మాత్రమే చెప్పి నవ్వువారితో నేను ఏకీభవింపను.

రాజ్యాంగమిచ్చిన హామీ కూడ స్వయముగా పనిచేయునది కాదు. ఆంధ్రప్రదేశములో 2018లో గ్రామ పంచాయతీల పదవీకాలము తీరగా, 2021 ఫిబ్రవరిలో గాని ఎన్నికలు జరుగలేదు. తెలంగాణములో 2024 ఫిబ్రవరిలో కాలము తీరగా, 2025 డిసెంబరు వరకు ప్రత్యేకాధికారులే పాలించిరి. ప్రత్యేకాధికారి మంచివాడు కావచ్చును. కాని ఒక్కొక్క అధికారికి పలు గ్రామములు. కుళాయి చెడిన దినమున ఆతడే యూరనుండునో తెలియదు. సర్పంచి ఎంత చెడ్డవాడైనను రేపు ఉదయము ఆ వీధినే నడచి పోవలసినవాడు.

ఇక పద్దు సంగతి. పంచాయతీ ఆదాయము రెండు తెరగులు. ఊరివారు చెల్లించు ఇంటిపన్ను, నీటి రుసుము, సంత వేలము మొదలైనవి మొదటి తెరగు. పైనుండి వచ్చు గ్రాంటులు రెండవ తెరగు. మొదటిది చిక్కి, రెండవది బలిసి, పంచాయతీలు నడచుచున్నవి. దీనికి కారణము వెదకుటకు గొప్ప అర్థశాస్త్రము అక్కరలేదు. సర్పంచి ఊరివారి బంధువో, పొరుగువాడో, ఓటు కోరవలసినవాడో. పన్ను పెంచి వారితో మాట పడుటకంటె జిల్లా కేంద్రమునకు పోయి గ్రాంటు కోరుట ఆతనికి సుకరము. ఫలితమేమనగా, డబ్బిచ్చినవారికే లెక్క చెప్పుట లోకసహజము గనుక, పంచాయతీ పద్దు పైవారి నమూనాలో, పైవారి కొరకు, పైవారికి అర్థమగునట్లు వ్రాయబడును. 15వ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు గ్రామీణ సంస్థలకు సిఫారసు చేసిన సాధారణ గ్రాంటులలో నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును ముడివడినవి. ఆ నియమము మంచిదే. కాని ఊరికి మొదట కావలసినది శ్మశానపు దారి యైనప్పుడు, ఆ అరువది వంతుల సొమ్మును దానికి తాకరాదు. ఊరివాడు అడుగును, సర్పంచి "పై నియమము" అని చేయి చూపును. ఆ చూపుడు ఎంత నిజమో, ఎంత తప్పించుకొనుటయో ఊరివానికి తెలియు ఉపాయము గ్రామసభ ఒక్కటే.

గ్రామసభ యనగా పంచాయతీ సభ్యుల సమావేశము కాదు. ఆ గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తియు గ్రామసభ సభ్యుడే. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము ఏటికి కనీసము రెండు మారులు సభను జరుపవలెననియు, వార్షిక లెక్కలను, తనిఖీ నివేదికను, రాబోవు పనుల జాబితాను, క్రొత్త పన్నుల ప్రతిపాదనలను దాని ముందుంచవలెననియు విధించినది. తెలంగాణములో 2018 చట్టము రెండు నెలలకొక మారు సభ యుండవలెనన్నది. చట్టమునకు లోటు లేదు. నేను చూచిన తీర్మానముల పుస్తకములలో ఒకదానిలో అరువది మూడు వ్రేలిముద్రలు ఒకే వరుసలో, ఒకే సిరాతో, ఒకే వైపు వాలుతో ఉండెను. ఆ యూర అంత క్రమశిక్షణ గల జనులున్నందుకు నేను సంతోషింపవలసినదే! కాని సభ జరిగినట్లు వ్రాసిన తేదీన ఊరివారెల్లరు పొరుగూరి జాతరకు పోయియుండిరని టీ అంగడివాడు చెప్పినాడు.

దానికి ప్రతిగా మరియొక సభను చెప్పుదును. అనంతపురము వైపు ఒక చిన్న గ్రామము. నేను పని మీద పోయిన దినముననే దండోరా వేసి సభ పెట్టినారు. రావిచెట్టు క్రింద రచ్చబండ. నలువదిమంది కంటె మించి లేరు. కార్యదర్శి యువకుడు. పద్దును గడగడ చదువుచుండగా, గొంగడి కప్పుకొని వెనుక కూర్చున్న ఒక ముసలమ్మ చేయెత్తినది.

"ఏమి నాయనా, మా ఈదిలో కంబాలు మూడే గదా. పదకొండు బల్బులు రాసినావే?"

సర్పంచి సమాధానము చెప్పినాడు: "అవ్వా, కరెంటు ఎక్కువతక్కువ వచ్చి మాడిపోతాండాయి. మార్చి మార్చి పెట్టినాము."

"మాడిపోయినవి యాడ పెట్టినారు? ఎనిమిది ఉండల్ల గదా. సూపిచ్చండి, సూస్తాం."

సభ నవ్వినది. సర్పంచియు నవ్వినాడు గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలేదు. మాడిన బల్బులు చూపుటకు లేవు. ఆతడు దొంగ యని నేననను. బహుశః వేరొక వీధికి వేసిన బల్బులను ఆ వీధి క్రింద వ్రాసియుండవచ్చును. మరుసటి ఏడు మరల ఆ యూరికి పోయినప్పుడు కార్యదర్శి నాకొక క్రొత్త పుస్తకమును చూపినాడు. క్రొత్త బల్బు ఇచ్చునప్పుడు మాడిన బల్బును తీసికొని నమోదు చేయు పుస్తకమది. సరకుల నిల్వ పుస్తకము సరిగా లేదని మా కార్యాలయము అంతకు మునుపు పలు సంవత్సరములు వరుసగా అభ్యంతరము వ్రాయుచునే యుండెను. మా వ్రాతలకు సాధ్యము కానిది ఆ యవ్వ ప్రశ్నకు సాధ్యమైనది. ఆమెకు చదువు రాదు. కంబములను లెక్కపెట్టుట వచ్చును.

ఈ చిన్న సంగతిలోని సూత్రమునే పెద్దయెత్తున ఆచరించినవారును కలరు. రాజస్థానములో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామమున జనసునవాయి యను బహిరంగ విచారణను ఆరంభించిరి. చేసిన పనుల బిల్లులను, కూలీల హాజరు పట్టీలను జనుల యెదుట పెద్దగా చదివిరి. కట్టని గోడలు, పనికి రాని కూలీలు బయటపడిరి. కాగితములు చూపుమని అడుగు హక్కు ఆ సభలలో పదునెక్కి, 2005లో సమాచార హక్కు చట్టమునకు దారి తీసినది. అదే యేటి ఉపాధి హామీ చట్టమున గ్రామసభ తనిఖీ యనునది ఒక నియమముగా చేరినది. 2006 నుండి ఉమ్మడి ఆంధ్రప్రదేశము దానిని దేశమునకు మాదిరిగా నడపినది. కూలి కుటుంబముల యువతీయువకులకు తరిఫీదునిచ్చి, హాజరు పట్టీలతో ఇంటింటికిని పంపిరి. "నీవు ఇన్ని దినములు పని చేసినట్లున్నది, నిజమా? నీకు ఇంత ముట్టినట్లున్నది, ముట్టినదా?" యని అడిగించిరి. పిమ్మట మండల కేంద్రమున అధికారుల ముందర బహిరంగ సభ. చనిపోయినవారి పేరులకును కూలి చెల్లిన వైనములు అట్టి సభలలో వెల్లడియైనవి. తిన్న సొమ్మంతయు తిరిగి వచ్చినదని చెప్పజాలను; కనిపెట్టినంత సులభముగా రాబట్టుట కాలేదు. కాని పట్టీలోని పేరును ఆ పేరుగలవాని యింటి ముందు చదువుట యను పద్ధతి, నలువదియేండ్ల నా వృత్తిలో నేనెరిగిన తనిఖీ పద్ధతులన్నింటిలోను తలమానికము.

కేరళమును గూర్చియు ఒక మాట. 1996లో అచటి ప్రభుత్వము ప్రజాప్రణాళిక పేరిట రాష్ట్ర ప్రణాళికా నిధులలో నూటికి 35 నుండి 40 వంతులను స్థానిక సంస్థలకు వదలినది. డబ్బును ముందు ఇచ్చి, సామర్థ్యము తరువాత వచ్చునని నమ్మిరి. మన యూర్లలో "సామర్థ్యము రానిండు, అప్పుడు డబ్బిత్తుము" అందురు. ఈత వచ్చిన పిమ్మట గాని నీటిలో దిగరాదను తండ్రి మాట వంటిదది. 11వ అనుబంధములో 29 విషయములు వ్రాసియున్నవి గాని, వానిలో ఏవి ఇయ్యవలెనో రాష్ట్రముల ఇష్టమునకే రాజ్యాంగము విడిచినది. పనులు ఒకచోట, నిధులు ఒకచోట, సిబ్బంది ఇంకొకచోట ఉండుట ఈ ఇష్టమునుండియే పుట్టినది.

డబ్బు తక్కువైనను ఊరు కలిసివచ్చినచో ఏమగునో వరంగల్లు దగ్గరి గంగదేవిపల్లె చూపినది. త్రాగునీటికొక సంఘము, పన్ను వసూలునకొక సంఘము, ఇట్లు పనికొక సంఘమును ఏర్పరచుకొని, ఇంటిపన్నును పూర్తిగా చెల్లించి, మద్యమును నిషేధించుకొన్న యూరది. దానిని చూచుటకు దూరప్రాంతములనుండి బస్సులలో జనులు వత్తురు. చూచి పోయినవారి యూర్లలో ఎన్ని అట్లు మారినవో అని మాత్రము నేనెవ్వరిని అడుగలేదు.

ఇంతవరకు పల్లెలను గూర్చి చెప్పితిని. మన సంగతి యేమి? ఈ సభలో కూర్చున్నవారిలో కొందరు న్యూఢిల్లీ పురపాలక మండలి పరిధిలోని ప్రభుత్వ గృహములలో నున్నారు. ఆ మండలికి మనము ఓటు వేసి ఎన్నుకొను కౌన్సిలరులు లేరు. అది చాల వరకు నియమితులతో కూడినది. దేశ రాజధాని నడిబొడ్డున, రాజ్యాంగము వ్రాయబడిన భవనమున్న చోట, వీధిదీపమును గూర్చి అడుగుటకు అనంతపురపు అవ్వకున్నంత హక్కు మనకు లేదు. మనకది లోటుగా తోచినదా? తోచలేదు. కుళాయి చెడిన మనము విచారణ కార్యాలయమున ఫిర్యాదు వ్రాయుదుము. రాకున్న పై అధికారికి వ్రాయుదుము. దరఖాస్తు పెట్టుట మనకు వచ్చినంతగా సభలో ప్రశ్న అడుగుట రాదు. నగర కార్పొరేషను పరిధిలో నున్న మిగిలినవారికి ఓటున్నది. మీ వార్డు కౌన్సిలరు పేరు తెలిసినవారు చేతులెత్తుడని నేనిప్పుడు అడుగవచ్చును. కాని ఉత్సవ దినమున అతిథులను నొప్పించుట మర్యాద కాదు. నాకును ఆ పేరు ఈ ప్రసంగము వ్రాయుచుండగా మా పాలవాని నడిగి తెలిసికొనవలసి వచ్చినది.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు మనము చేయునదేమి? కాలువ కంపు కొట్టుచున్నదందుము. చెరువు పూడిపోయినదందుము. ఊరు చెడిపోయినదని నిట్టూర్చి, కనుమ మరునాడు రైలెక్కుదుము. మన యింటిపన్ను చెల్లినదా యని తమ్ముని అడిగినవారు ఎందరు? పంచాయతీ వారి పద్దును ఒక్క మారు చూచినవారు ఎందరు? ఇప్పుడా వివరములు చాల వరకు ప్రభుత్వపు ఈ-గ్రామస్వరాజ్ అంతర్జాల స్థలములోను దొరకును. ఢిల్లీలో కూర్చుండియే మన యూరికి ఏ పద్దు క్రింద ఎంత వచ్చినదో చూడవచ్చును. నేను మా యూరిది చూచితిని. మా వీధిలో కాలువ మరమ్మతునకు ఖర్చు వ్రాసియుండగా, మా మేనల్లునికి ఫోను చేసి, కాలువ ప్రక్కకు పోయి చూచి చెప్పుమంటిని. వాడు పోయి చూచి, "మామయ్యా, సగం దాకా చేశారు. మిగతా సగం పద్దులో ఉందేమో చూడండి" అన్నాడు. పద్దులో సగమని లేదు. వచ్చు గ్రామసభలో అడుగుమని వానికి చెప్పితిని. "నేనా?" అన్నాడు. ఆ ప్రశ్నకు వాడింకను జవాబు చెప్పలేదు. నేను వారమున కొకమారు ఫోను చేయుచునే యున్నాను.

ఒక్క సంగతి చెప్పి ముగింతును. మన సంఘపు వార్షిక సర్వసభ్య సమావేశములకు నేను చాల ఏండ్లుగా వచ్చుచున్నాను. కోశాధికారిగారు లేచి జమాఖర్చులు చదువనారంభింపగానే కుర్చీలు చప్పుడగును. వంటశాల వైపునుండి పులిహోర పరిమళము వచ్చును. ఆయన మూడవ పుటకు వచ్చునప్పటికి ముందు వరుసలో కార్యవర్గ సభ్యులు తప్ప ఇతరులుండరు. "ఆమోదింపబడినది" అని పుస్తకములో వ్రాయుదురు. ఆ వ్రాతలో నా సంతకమును పలుమారులున్నది. నేటి కార్యక్రమ పత్రమున నా ప్రసంగమునకు తరువాత కోశాధికారిగారి నివేదిక యున్నది. భోజనములు ఆ తరువాత, నాటకము కడపట. పోయిన ఏటి లెక్కలో వేదిక అలంకరణకు వ్రాసిన మొత్తమును గూర్చి నాకొక చిన్న సందేహము కలదు. ఆయన చదువునప్పుడు అడిగెదను. కావున నేనిపుడు ఆయనకు చోటిచ్చి, నా స్థానమునకు పోయి కూర్చుండెదను.